'మీరు' అంటే ఎంతమంది?

తిరుపతి కొర్లగుంటలో మేం శనివారం సాయంత్రాలు కూడుకునేది మేడ మీద రెండు గదుల ఇంట్లో. చాపలు పరిస్తే పద్నాలుగు మంది పడతాం. ఆ ఇంటి అక్క వీధిలో పొదుపు సంఘం లీడర్. మంగళవారం ఆ చాపల మీదే సంఘం లెక్కలు చూస్తారు, శనివారం మా బైబిల్ స్టడీ. కొన్ని నెలల కింద ఒకరోజు పాట అయిపోయి ఇంకా వాక్యం తీయకముందే, నర్సింగ్ చదివే అమ్మాయి అడిగింది.

"అన్నా, అప్లికేషన్‌లో మతం అని ఒక గడి, కులం అని ఇంకో గడి ఉన్నాయి. చర్చిలో నన్ను ఒకటి అంటారు, సర్టిఫికెట్‌లో ఇంకోటి ఉంది, మా అవ్వ మరొకటి చెప్తాది. అసలు నేను ఎవురు?"

వెంటనే ఎవరూ మాట్లాడలేదు. ఆ ప్రశ్న మాలో సగం మందిది. ఆ తర్వాత చాలా శనివారాలు మేం దాని చుట్టూనే తిరిగాం. అలా తిరగ్గా నాకు అర్థమైనదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. 1950లో వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందువులు కానివాళ్లు ఎస్సీలుగా లెక్కకు రారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారు బీసీ-సి కిందికి వస్తారు, ఆ గ్రూపుకు ఉన్నది ఒక శాతం రిజర్వేషన్. కాగితం మీద గడి అడిగేది ఈ లెక్క. దానికి నిజమే రాయాలి. కానీ ఈ లెక్క న్యాయమైనదని నేను అనుకోను. ఊళ్లో గ్లాసు వేరుగా పెట్టేవాడు, ఎదుటివాడు బాప్తిస్మం తీసుకున్నాడని ఆ గ్లాసును తన గ్లాసుల్లో కలపడు.

అయితే ఆ అమ్మాయి అడిగింది గడి గురించి మాత్రమే కాదు. క్రైస్తవుడు అనే ఒక్క మాట కింద మనం మూడు నాలుగు వేర్వేరు సంగతులు దాచుకున్నాం. పుట్టిన ఇల్లు ఒకటి, రిజిస్టర్‌లో పేరు ఒకటి, ఏ చర్చి సభ్యత్వం అన్నది ఒకటి, యేసును నమ్మి ఆయన వెంట నడవడం మరొకటి. ఒకదాని గురించి అడిగితే ఇంకొకదాని గురించి జవాబు చెప్తూ ఉంటాం. చిక్కంతా అక్కడే.

మరి బైబిల్ ఆ మాటను ఎలా వాడింది? వెతికితే ఆశ్చర్యం వేస్తుంది. కొత్త నిబంధన మొత్తంలో 'క్రైస్తవుడు' అన్న మాట మూడే మూడు చోట్ల ఉంది. అపొస్తలుల కార్యములు 11:26, అదే పుస్తకం 26:28, మొదటి పేతురు 4:16. అంతకుముందు, ఆ తర్వాత కూడా వాళ్లు తమను తాము పిలుచుకున్న పేర్లు వేరు: శిష్యులు, సహోదరులు, పరిశుద్ధులు, 'ఈ మార్గమందున్న'వారు. క్రైస్తవులు అన్న పేరు బయటివాళ్లు పెట్టిందని చాలామంది పండితుల అభిప్రాయం. "మొట్టమొదట అంతియొకయలో శిష్యులు క్రైస్తవులనబడిరి" అని మన తెలుగులో ఉంది కదా. 'అనబడిరి' అన్న మాటలో కూడా ఆ ధ్వని వినిపిస్తుంది.

ఆ వాక్యానికి సరిగ్గా ముందు ఏముందో ఒంటరిగా చదివినన్నాళ్లూ నేను చూడలేదు. చూపించింది రేణిగుంటలో రైల్వే పని చేసి రిటైరైన అన్న. బర్నబా, సౌలు (తర్వాత పౌలు అని పిలిచింది ఇతన్నే) కలిసి ఒక సంవత్సరమంతా ఆ సంఘంలో ఉండి బోధించారు. ఆ తర్వాతే ఆ పేరు వచ్చింది. అంటే ఒక ఏడాది పాటు ఒకచోట కూర్చుని నేర్చుకున్న గుంపును చూసి ఊరు పెట్టిన పేరు అది. ఆ గుంపులో ఎవరున్నారు? యెరూషలేములో హింసకు చెదిరిపోయి వచ్చిన యూదులున్నారు, వాళ్ల మాట విని నమ్మిన గ్రీకులున్నారు. 13వ అధ్యాయం మొదట్లో అక్కడి పెద్దల పేర్లు చూడండి. కుప్రకు చెందిన బర్నబా, నీగెరు అనబడిన సుమెయోను, కురేనీయుడైన లూకియ, హేరోదుతో కలిసి పెరిగిన మనయేను, సౌలు. మామూలుగా ఒక పంక్తిలో కూర్చోని మనుషులు వీళ్లు. బహుశా ఊరివాళ్లకు వీళ్లను ఏ పాత పేరుతో పిలవాలో తెలియక కొత్త పేరు వెతుక్కున్నారేమో. ఇది నా ఊహే.

ఇంత మంచి గుంపులోనూ గొడవ వచ్చింది, అది భోజనం దగ్గర వచ్చింది. గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో పౌలు చెప్తాడు. ఇదే అంతియొకయలో పేతురు మొదట అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి తినేవాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు వచ్చేసరికి భయపడి పక్కకు జరిగాడు. బర్నబా కూడా ఆ వేషధారణలో పడిపోయాడు. పౌలు అందరి ముందూ పేతురును నిలదీశాడు. పేరు పుట్టిన ఊళ్లోనే ఆ పేరుకు మొదటి పరీక్ష కూడా జరిగింది. ఆ పరీక్ష ఎవరి పళ్లెం పక్కన ఎవరు కూర్చుంటారు అన్నది. మన పల్లెల్లో పెరిగినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన సంగతికి వస్తాను. ఇది భాషకు సంబంధించింది.

మనం తెలుగులో 'మీరు' అంటే రెండు అర్థాలు. ఎదురుగా చాలామంది ఉన్నా మీరే, ఒక్క పెద్దమనిషి ఉన్నా మర్యాదకు మీరే. అయ్యగారు పల్పిట్ మీద నుంచి "మీరు దేవుని ఆలయమైయున్నారు" అని చదివితే, కింద కూర్చున్న ప్రతి ఒక్కరికీ తనను మర్యాదగా పలకరించినట్టు వినిపిస్తుంది. 'నా ఒక్కడి దేహం దేవుని గుడి' అనుకుని ఇంటికి వెళ్తాం. కానీ మనం చర్చిలో చదివే పాత తెలుగు అనువాదంలో ఒక్క మనిషిని మర్యాద కోసం 'మీరు' అనే అలవాటు లేదు. అందులో దేవుణ్ణి కూడా నీవు అనే పిలుస్తాం. అక్కడ 'మీరు' కనిపిస్తే చాలామంది అని అర్థం. మొదటి కొరింథీయులు 3:16లో గ్రీకు మూలంలో ఉన్నదీ బహువచనమే. ఆలయం ఒకటే, మీరందరూ కలిసి ఆ ఆలయం. అంతకు ముందున్న పేరాలన్నీ 'నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను' అంటూ ముక్కలైన సంఘం గురించే. వాళ్లను 'మీరందరూ కలిసి ఒకే గుడి, దాన్ని పాడుచేయకండి' అని హెచ్చరిస్తున్నాడు పౌలు. ఆరో అధ్యాయంలో ఒక్కొక్కరి దేహం గురించి, నడత గురించి వేరేగా మాట్లాడతాడు. అదీ నిజమే. కానీ మనం ఆరో అధ్యాయాన్ని గుర్తుపెట్టుకుని మూడో అధ్యాయాన్ని మరిచిపోయాం.

ఇంకో చోట చూడండి, లూకా 22లో. యేసు పేతురుతో అంటాడు: సాతాను గోధుమలవలె జల్లించడానికి 'మిమ్మును' కోరుకున్నాడు, కానీ 'నీ' నమ్మిక తప్పిపోకుండా నేను 'నీ కొరకు' వేడుకున్నాను. జల్లెడలో అందరూ ఉన్నారు. ప్రార్థన ఒక్కడి పేరు పెట్టి జరిగింది. ఎందుకంటే 'నీ మనసు తిరిగిన తరువాత నీ సహోదరులను స్థిరపరచుము' అన్న పని అతనికి ఉంది. ఇంగ్లీషు బైబిళ్లు చాలావాటిలో రెండు చోట్లా ఒకటే మాట ఉండడంతో ఈ మలుపు కనబడదు. మన తెలుగులో స్పష్టంగా కనబడుతుంది. ఆ శనివారం చిత్తూరు నుంచి వచ్చిన ఒక అక్క ఇంట్లో చదివే తమిళ బైబిల్ తెచ్చుకుంది. అందులోనూ నీ, నీంగళ్ తేడా ఉందని చదివి వినిపించింది. రెండు భాషలు ఇళ్లలో తిరిగే మా చిత్తూరోళ్లకు ఇదొక వరమే అనుకుంటాను.

కాబట్టి 'నేను ఎవరు' అని ఏకవచనంలో అడిగే ప్రశ్నకు లేఖనం చాలాసార్లు బహువచనంలో జవాబిస్తుంది. మొదటి పేతురు రెండో అధ్యాయంలో 'ఏర్పరచబడిన వంశము', 'పరిశుద్ధజనము', 'దేవుని సొత్తైన ప్రజలు' అన్నవి ఒక్క మనిషికి పట్టే మాటలు కావు. వంశం ఒక్కరితో అవదు, ప్రజ ఒక్కరితో అవదు. ఈ మాటలను ఒక్కడే గదిలో కూర్చుని తనకు అన్వయించుకోవాలంటే ఎక్కడో ఇరుకుగా ఉంటుంది. పదిమందిలో చదివితే ఆ ఇరుకు ఉండదు.

నిజానికి ఆ పుస్తకాలు రాసింది కూడా అలా చదవడానికే. అప్పట్లో చాలామందికి చదువు రాదు. పత్రిక వచ్చిందంటే ఒకరు చదివేవారు, మిగతావారు వినేవారు. ప్రకటన గ్రంథం 1:3 చూస్తే 'చదువువాడు' అని ఏకవచనం, 'గైకొనువారు' అని బహువచనం. కొలొస్సయులకు రాసిన పత్రికను లవొదికయ సంఘంలో కూడా చదివించమని 4:16లో పౌలే చెప్పాడు. పాత నిబంధనలో నెహెమ్యా 8వ అధ్యాయంలో నీటి గుమ్మం ముందు ఎజ్రా చదువుతుంటే, లేవీయులు జనానికి అర్థం చెప్తారు, జనం విని ఏడుస్తారు. ఇప్పుడు మనం చూసే వచనాల నంబర్లు అప్పుడు లేవు. కొత్త నిబంధనకు ఈ వచన సంఖ్యలు వేసినవాడు రోబేర్ ఎస్తియెన్ అనే ఫ్రెంచి ప్రింటరు, 1551లో. నంబర్లు వచ్చాక వెతుక్కోవడం తేలికైంది. అలాగే ఒక్కో వచనాన్ని తెంపుకుని జేబులో పెట్టుకోవడం కూడా తేలికైంది.

ఇళ్లలో కూడుకుని చదివే అలవాటు మనదాకా వచ్చిన దారి కూడా కొంచెం చెప్పాలి. 1670 ప్రాంతంలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫిలిప్ స్పేనర్ అనే లూథరన్ పాస్టరు తన ఇంట్లో ఇలాంటి కూటాలు మొదలుపెట్టాడు. 1675లో దాని గురించి పుస్తకమూ రాశాడు. ఆ ఒరవడిలో పెరిగిన జర్మనీలోని హాలె ఊరి నుంచి 1706లో ఇద్దరు మిషనరీలు తమిళ తీరంలోని తరంగంబాడిలో దిగారు. వాళ్ల తర్వాత వచ్చిన బెంజమిన్ షుల్ట్జ్ తెలుగు నేర్చుకుని బైబిల్‌ను అనువదించాడు గానీ అది అచ్చుకు రాలేదు. తెలుగు కొత్త నిబంధన బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో 1818లో అచ్చయింది. ఇక మన ప్రాంతానికి జర్మనీలోని హెర్మన్స్‌బుర్గ్ నుంచి 1860లలో మిషనరీలు వచ్చారు. ఆ చెట్టు నుంచి వచ్చిన సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చి కేంద్రం ఈ తిరుపతిలోనే ఉంది. అటు మదనపల్లెలో డాక్టరుగా, బోధకుడుగా ఉన్న జేకబ్ చాంబర్లేన్ తెలుగు బైబిల్ సవరణ పనిలో ఏళ్ల తరబడి ఉన్నారు. కాథలిక్కులకు 1965లో రెండో వాటికన్ సభ ఇచ్చిన దేవవాక్కు పత్రం విశ్వాసులందరినీ లేఖనాలు చదవమని గట్టిగా చెప్పింది.

జేబులో పెట్టుకోవడం అన్నాను కదా. డిసెంబరు 31 రాత్రి ఆరాధన తర్వాత వాగ్దానం కార్డు, అంటే ఏడాదికంతా ఒక వచనం రాసి ఉన్న కార్డు, తీసుకోవడం మనకందరికీ ఇష్టం. ఆ ఏడాది ఆ ఇంటి అక్కకు యిర్మీయా 29:11 వచ్చింది. 'సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు' అన్న మాట. కొడుకు ఉద్యోగం గురించి టెన్షన్‌లో ఉన్న ఆమె దాన్ని దేవుడు తనకిచ్చిన మాటగా పట్టుకుంది. తప్పు పట్టను. కానీ ఒక శనివారం ఆ అధ్యాయం మొత్తం చదివాం. అది ఒక ఉత్తరం. యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టుకుపోయిన జనానికి యిర్మీయా రాసింది. పదకొండో వచనానికి ముందు పదో వచనంలో డెబ్భై ఏళ్లు గడిచాకే వాళ్లను తిరిగి రప్పిస్తానని ఉంది. ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది ఆ రోజు చూడకుండానే పోతారు. వాగ్దానం ఆ ప్రజకు, వాళ్ల పిల్లలకు. అక్క కాసేపు ఊరుకుని, "అయితే నా కొడుక్కు కాదా?" అంది. రైల్వే అన్న నెమ్మదిగా, "కాదని కాదమ్మా. ఒక్కడికే కాదు అంతే. వాడు ఆ జనంలో ఒకడు" అన్నాడు. ఆ మాట ఆమెకు ఓదార్పుగా ఉందో లేదో ఆ రోజు నాకు తెలియలేదు.

అదే ఉత్తరంలో ఏడో వచనం మమ్మల్ని ఇంకా సేపు కూర్చోబెట్టింది. మీరు చెరలో ఉంటున్న ఆ పట్టణం క్షేమం కోరి దానికోసం ప్రార్థించండి, దాని క్షేమమే మీ క్షేమం అని. ఒక తమ్ముడు వెంటనే, "అంటే మనం తిరుపతిలో బబులోనులో ఉన్నట్టు ఉన్నాం" అన్నాడు. చదువురాని అవ్వ ఒకామె ఉంది మాలో, ఆమె ఒప్పుకోలేదు. "యాడ్నించి వచ్చినాం నాయినా మనం? మా నాయన ఈడనే పుట్నాడు, నేనూ ఈడనే పుట్నాను. వాళ్లను ఎవురో పట్టుకొచ్చినారు. మనల్ని ఎవురు పట్టుకొచ్చినారు? ఇది మన ఊరే." గదిలో మాట మారిపోయింది. పక్కింటివాళ్లతో, బ్రహ్మోత్సవాలకు వచ్చే జనంతో, కొండకు నడిచిపోయేవాళ్లతో మనం ఒకే ఊరివాళ్లం. ఆ వచనాన్ని బబులోను మీద పెట్టి చదివితే ఊరు పరాయిది అవుతుంది. అవ్వ చెప్పినట్టు చదివితే ఊరి క్షేమం కోరడం ఇంకా దగ్గరి బాధ్యత అవుతుంది. ఒంటరిగా చదివి ఉంటే ఆ తమ్ముడు తన పోలికతోనే ఇంటికి పోయేవాడు. అక్కడ అవ్వ ఉండబట్టి అది ఆగింది.

గుంపు ఎప్పుడూ ఇలా మంచే చేస్తుందని చెప్పను. ఒక్కరే గంటసేపు మాట్లాడి మిగతావాళ్లు తల ఊపే బైబిల్ స్టడీలు చాలా చూశాను. ఆడవాళ్లు పాటకు, కాఫీకి తప్ప మాటకు లేని కూటాలూ చూశాను. ఇంకో ప్రమాదం, 'నాకైతే ఇట్లా అనిపించింది' అన్న మాటతో ప్రతిదీ ముగిసిపోవడం. ఒకరికి అలా, ఒకరికి ఇలా అనిపిస్తే వాక్యం ఏమంటోందో చూసేవాళ్లు ఉండరు. పదిమంది కలిసి తప్పు చదివితే అది ఒక్కడి తప్పు కంటే గట్టిగా పాతుకుంటుంది. అందుకే తెలిసినవాళ్లు కూడా కావాలి. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో, రథంలో చదువుకుంటూ పోతున్న ఐతియోపీయుడైన నపుంసకుణ్ణి ఫిలిప్పు "నీవు చదువునది గ్రహించుచున్నావా?" అని అడిగితే, అతడు "ఎవడైనను నాకు త్రోవ చూపకుంటే ఏలాగు గ్రహింపగలను" అన్నాడు. అయితే ఫిలిప్పు రథం ఎక్కి పక్కన కూర్చున్నాడు, కిందనుంచి ప్రసంగం చేయలేదు. ఆ పక్కన కూర్చోవడం నాకు చాలా ఇష్టం.

మేం చేసే పద్ధతి సులువు. భాగాన్ని ఇద్దరు వేర్వేరుగా, నిదానంగా పైకి చదువుతారు. తర్వాత అవ్వ తన మాటల్లో మళ్లీ చెప్తుంది. ఆమె చెప్పేదాకా ఎవరూ వ్యాఖ్యానం మొదలుపెట్టరు. ఆమె వదిలేసింది ఏమిటో, కలిపింది ఏమిటో పుస్తకంలో చూస్తాం. ఆ తర్వాతే అడుగుతాం, ఇది ఎవరికి రాశారు, ముందూ వెనకా ఏముంది, ఇందులో మీరు ఎవరు, మేము ఎవరు అని. వేరే చోట్ల వచనాలకు పరుగెత్తడం చివరికి వాయిదా వేస్తాం.

'మేము ఎవరు' అన్న ప్రశ్న మాకు ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో తగిలింది. గ్రీకులో మేము అన్నా మనము అన్నా ఒకటే మాట, హేమెయిస్. తెలుగులో అలా కుదరదు. మేము అంటే నువ్వు బయట ఉన్నావు, మనం అంటే నువ్వూ లోపలే. అనువాదం చేసినవాళ్లు ప్రతిచోటా ఆగి ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చింది. 2:14లో వాళ్లు పెట్టిన మాటలు చూడండి. 'మీకును మాకును ఉండిన ద్వేషమును' కొట్టివేసి, మధ్యగోడను పడగొట్టి, 'మన ఉభయులను' ఏకం చేశాడు. మీరు, మేము అని మొదలైన వాక్యం మనలో ముగుస్తుంది. మధ్యగోడ అన్నప్పుడు పౌలు మనసులో యెరూషలేము దేవాలయంలోని అడ్డుగోడ ఉందని చాలామంది అంటారు. అన్యుడు దాన్ని దాటి లోపలికి వస్తే చావే అని హెచ్చరించే రాతిపలక 1871లో దొరికింది, ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. ఐదు వచనాల తర్వాత ఫలితం: ఇక మీదట మీరు పరజనులు కారు, పరిశుద్ధులతో 'ఏక పట్టణస్థులు', 'దేవుని యింటివారు'.

ఇంటివారు అన్న మాట దగ్గర నర్సింగ్ అమ్మాయి వేలు పెట్టి ఆగింది. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఉంటుంది, కులం ఉంటుంది. ఇక్కడ ఇల్లే వేరు. గడిలో రాయడానికి దీంతో జవాబు దొరకదు, అది ఆమెకూ తెలుసు. తర్వాత ఆమె నిజమే రాసి అప్లికేషన్ ఇచ్చింది, దాని ఫలితం కోసం ఇంకా చూస్తోంది.

ఆ రోజు అవ్వ వంతు వచ్చింది. "మీకూ మాకూ మధ్యన గోడ ఉండేదంట. ఆయన పడగొట్టినాడంట. ఇంక మీరు మేము అనేది లేదంట, మనమేనంట" అంది. పుస్తకంలో చూశాం, సరిగ్గానే చెప్పింది. పుస్తకం మూయబోతుంటే ఆమే మళ్లీ అడిగింది.

"మరి మా పల్లెలో పేటకొక చర్చి ఉంది కదా. ఆ పేటోళ్లు ఈ పేట చర్చిలో అన్నం తినరు. వాళ్లు ఈ మనలో ఉన్నారా, లేరా?"

రైల్వే అన్న బైబిల్ మళ్లీ తెరిచి, వచ్చే శనివారానికి గలతీ రెండో అధ్యాయం దగ్గర దారం పెట్టాడు. అక్క కాఫీ గ్లాసులు తెచ్చింది. ఆ అమ్మాయి ఫోన్ తీసి అవ్వ పల్లెలో ఆదివారం ఏ చర్చి ఎన్ని గంటలకో అడిగి రాసుకుంది. రెండు చర్చిలవీ.